బాలాపూర్ రోహింగ్యా కుటుంబాల ఫోన్లల్ల ఉన్న వీడియోలు హేగ్ దాకా పోవాలంటే ఏం చేయాలె?

కల్వకుర్తి చౌరస్తా

అందరికి నమస్తే. హైదరాబాద్ల బాలాపూర్ దిక్కు, బర్మా (మయన్మార్) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల బస్తీలల్ల పిల్లల చదువు, దవాఖాన కాగితాలు చూసే చిన్న బృందం మాది. మా బృందంల పాలమూరు, నల్లగొండ నుంచి పోయినోళ్లే ఎక్కువ. కొన్ని కుటుంబాల ఫోన్లల్ల 2017ల ఊర్లు కాలిన వీడియోలు ఉన్నయి. కొందరి దగ్గర బర్మా నుంచి తెచ్చుకున్న కుటుంబ పట్టికలు, భూమి కాగితాలు ఉన్నయి. ఇవి కోర్టుకు పనికొస్తయా అని అడుగుతున్నరు. నాకు తెలవాల్సినవి మూడు. ఎవరికి ఇయ్యాలె? ఇచ్చేదాక ఎట్ల దాచాలె? వాళ్లు చెప్పింది మనమే వాంగ్మూలం లెక్క రాసి సంతకం తీసుకోవచ్చా? ఇంకొకటి, నష్టపరిహారం ఫారం నింపుతానని ఒకాయన ఇంటికింత అని పైసలు అడుగుతున్నడట. అది నిజమైన ఫారమేనా?

పిల్లలమర్రి

మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు: వద్దు, రాయకండి. కారణం కింద ఎవరైనా వివరంగా చెప్తారు. నేను మొదటి ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే అక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు. నెదర్లాండ్స్‌లోని హేగ్ అనగానే అందరూ ఒకటే కోర్టు అనుకుంటారు. రోహింగ్యాల విషయంలో ఇప్పుడు నాలుగు దారులు ఉన్నాయి, నాలుగింటి గుమ్మాలూ వేరు.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆఫ్రికా దేశం గాంబియా 2019 నవంబరులో మయన్మార్‌పై జెనోసైడ్ (జాతి నిర్మూలన) ఒప్పందం కింద వేసిన కేసు ఉంది. అది దేశం మీద దేశం వేసింది. అందులో ఏ జనరలూ జైలుకు పోడు. 2020 జనవరి 23న మధ్యంతర ఆదేశాలు వచ్చాయి. బాధితులు నేరుగా అక్కడ కాగితం దాఖలు చేయలేరు.

రెండోది, హేగ్‌లోనే ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, వ్యక్తులను విచారిస్తుంది. కానీ ఆ కోర్టును ఏర్పాటు చేసిన ఒప్పందమైన రోమ్ శాసనంలో మయన్మార్ సభ్యదేశం కాదు, బంగ్లాదేశ్ సభ్యదేశం. అందుకే 2018 సెప్టెంబరులో జడ్జీలు ఒక మెలిక పట్టుకున్నారు. మనిషిని సరిహద్దు దాటించి తరిమేయడం అనే నేరం మయన్మార్‌లో మొదలై బంగ్లాదేశ్ నేల మీద పూర్తవుతుంది, కాబట్టి కోర్టుకు అధికారం ఉందన్నారు. 2019 నవంబరు 14న దర్యాప్తుకు అనుమతి వచ్చింది. 2010 జూన్ 1 తర్వాత జరిగి, కనీసం కొంత భాగమైనా బంగ్లాదేశ్‌లో గానీ మరో సభ్యదేశంలో గానీ జరిగిన నేరాలే దాని పరిధి. 2024 నవంబరులో ప్రాసిక్యూటర్, ఆ దాడులప్పటి మయన్మార్ సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్‌పై వారంటు కోరారు.

మూడోది జెనీవాలోని మయన్మార్ స్వతంత్ర దర్యాప్తు యంత్రాంగం. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి పెట్టింది. అది కోర్టు కాదు. 2011 నుంచి మయన్మార్‌లో జరిగిన తీవ్ర నేరాల ఆధారాలు సేకరించి, ఫైళ్లు కట్టి, విచారించే అధికారం ఉన్న కోర్టులకు ఇస్తుంది. నాలుగోది అర్జెంటీనా. నేరం ఎక్కడ జరిగినా విచారించే విశ్వజనీన అధికార పరిధి సూత్రం కింద అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు 2021 నవంబరులో కేసు తెరిచింది, 2025 ఫిబ్రవరిలో అరెస్టు ఆదేశాలు వచ్చాయి.

మీలాంటి బృందానికి మొదటి తలుపు జెనీవా యంత్రాంగమే అని నా అభిప్రాయం. మిగిలిన మూడు చోట్లకూ ఆధారాలు అక్కడి నుంచి వెళ్లగలవు.

కల్వకుర్తి చౌరస్తా

మేడం, ఒక సందేహం. అందరు బంగ్లాదేశ్ మీదికెళ్లి రాలేదు. కొందరు 2012 గొడవల తర్వాత నేరుగా మిజోరం, మణిపూర్ దిక్కునుంచి వచ్చినమంటున్నరు. వాళ్లవి పనికిరావా?

పిల్లలమర్రి

మంచి ప్రశ్న. క్రిమినల్ కోర్టుకు ఇది ప్రాణం లాంటి తేడా. భారత్ రోమ్ శాసనంలో సభ్యదేశం కాదు. 1998లో ఓటింగ్ జరిగినప్పుడు 120 దేశాలు అనుకూలం, 7 వ్యతిరేకం, 21 తటస్థం. మనది ఆ తటస్థాల్లో ఉంది. కాబట్టి మయన్మార్ నుంచి నేరుగా భారత్‌లోకి తరిమివేతకు గురైన మనిషి విషయంలో తరిమివేత నేరం సభ్యదేశపు నేల మీద పూర్తి కాలేదు. ఆ ఒక్క కుటుంబంపై జరిగింది ఆ నేరంగా కోర్టు పరిధిలోకి రాదు. నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌లోని టెక్నాఫ్ చేరి, కుటుపాలాంగ్ శిబిరంలో ఉండి, తర్వాత ఇటు వచ్చిన కుటుంబమైతే వస్తుంది.

అయినా మిజోరం దారిన వచ్చినవారి మాట వృథా కాదు. అదే ఊళ్లో అదే రోజు ఏ దళం వచ్చిందో వాళ్లూ చూశారు కదా, సాక్షులుగా పనికొస్తారు. జెనీవా యంత్రాంగానికీ అర్జెంటీనాకూ ఈ సరిహద్దు షరతే లేదు. అందుకే ప్రతి కుటుంబం వద్ద ముందు రాసుకోవాల్సింది ఇది: ఊరు, టౌన్‌షిప్ (మన మండలం లాంటిది), ఊరు విడిచిన తేదీ, దాటిన చోటు, చేరిన మొదటి దేశం, శిబిరం పేరు. ఇది కథ కాదు, వాంగ్మూలం కాదు. ఒక పట్టిక, అంతే.

కుటుంబ పట్టికలు, భూమి కాగితాలు ఉన్నాయన్నారు చూడండి, వాటి విలువ వీడియోల కంటే ఎక్కువ కావచ్చు. తరిమివేత నేరం రుజువు కావాలంటే ఆ మనిషి ఆ చోట చట్టబద్ధంగా ఉన్నాడని చూపాలి. రోహింగ్యాలను పౌరులుగా గుర్తించని 1982 మయన్మార్ పౌరసత్వ చట్టం అడ్డుపెట్టుకుని వీళ్లు మావాళ్లు కాదనే వాదన అవతల సిద్ధంగా ఉంటుంది. తాత పేరు మీద పన్ను రసీదు, కుటుంబ పట్టిక, 2015లో రద్దు చేసిన తెల్ల కార్డు (తాత్కాలిక గుర్తింపు కార్డు), ఇవన్నీ ఆ వాదనకు జవాబులు. లామినేషన్ చేయించవద్దు, స్టేపుల్ కొట్టవద్దు, చిరిగితే సెల్లోటేపు అంటించవద్దు. రెండువైపులా స్కాన్ చేసి అసలును కుటుంబం దగ్గరే ఉంచండి.

మూసీ ఫోరెన్సిక్

దాచుడు సంగతి నేను చెప్తా. తమ్మీ, ముందుగాల ఒక్కటే మాట. ఆ వీడియోలు వాట్సాప్‌ల మీకు పంపమనకు. వాట్సాప్ వీడియోను మళ్ల కుదిస్తది, లోపల ఉన్న తేదీ, స్థలం వివరాలు తీసేస్తది. చూస్తానికి అదే వీడియో, ఆధారంగ మాత్రం సగం చచ్చినట్టే. డాక్యుమెంట్ రూపంల పంపితే కుదించదు గని, ఫోను పక్కనే ఉన్నప్పుడు గా తిప్పలెందుకు?

పద్ధతి ఇది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టు. కేబుల్‌తోటి ల్యాప్‌టాప్‌కు తగిలించి ఫైలు కాపీ చెయ్యి. పేరు మార్చొద్దు, ముందు వెనుక కత్తిరించొద్దు, తిప్పి సేవ్ చెయ్యొద్దు. వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తియ్యి. విండోస్‌ల కమాండ్ ప్రాంప్ట్‌కు పోయి సర్ట్‌యుటిల్ అనే ఆదేశం వాడి, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని రాస్తే అదే ఇస్తది, వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లే. 64 అక్షరాల వరుస వస్తది. ఫైలుల ఒక్క బిట్టు మారినా ఆ వరుస మొత్తం మారిపోతది. కాపీ చేసినప్పుడు ఫైలు మీద కనపడే తేదీ మారొచ్చు, దానికి భయపడకు. లోపలి సరుకు మారకుంటే హ్యాష్ మారదు.

రిజిస్టర్ రాయాలె. స్ప్రింగు పుస్తకం కాదు, పేజీల నంబర్లున్న బౌండు పుస్తకం. ఫైలు పేరు, సైజు, హ్యాష్, ఫోను మోడల్, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు), ఇచ్చిన మనిషి కోడ్ నంబరు, తీసుకున్న మనిషి పేరు, తేదీ, టైము, చోటు. ఆ తర్వాత ఆ డ్రైవు ఒక చేతినుంచి ఇంకో చేతికి పోయినప్పుడల్ల ఒక వరుస. రెండు కాపీలు చెయ్యాలె. ఒకటి ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవుల వేసి మూసెయ్యి, మళ్ల తెరవొద్దు. రెండోదాన్ని చూడనీకి వాడుకో. రెండూ ఒకే ఇంట్ల పెట్టకు.

ఇగ అందరు తప్పే చోటు టైము. మయన్మార్ టైము మనకంటే గంట ముందు, బంగ్లాదేశ్ అర్ధగంట ముందు. అక్కడ పొద్దుగాల 10కి తీసిన వీడియోను ఇక్కడ మన టైము పెట్టుకున్న ఫోనుల చూస్తే 9 అని చూపెట్టొచ్చు. ఎంపీ4 వీడియో ఫైలు లోపల చాలావరకు గ్రీనిచ్ టైము రాసి ఉంటది, చూపించే యంత్రం దాన్ని తన టైముకు మార్చి చూపెడ్తది. మనం రిజిస్టర్ల 9 అని రాసి, సాక్షి 10 అని చెప్తే, అవతలి వకీలు ఆ గంటను పట్టుకోని గుంజుతడు. కనపడ్డ టైము రాసి పక్కన ఏ టైం జోన్‌ల చూసినవో రాయి. సరిచేసి రాయకు.

ఇంకోటి అడగాలె: ఈ వీడియో నువ్వే తీసినవా, ఎవరన్నా పంపిండ్రా? పంపితే ఎవరు, ఏ ఆప్‌ల, ఎప్పుడు? అక్కడి గ్రూపులల్ల తిరిగిన వీడియోలు ఒక్కొక్కటి వందల ఫోన్లల్ల ఉంటయి. తీసినోడు దొరికితే దాని లెక్కే వేరు.

పానగల్ ప్లీడర్

మూసీ గారి పద్ధతికి ఒక చేర్పు. మన దగ్గర 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. దాంట్లో రెండు భాగాలు, ఒకటి ఇచ్చే పార్టీది, రెండోది నిపుణుడిది. రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. నల్లగొండ కోర్టులో ఇది లేకుండా వీడియో ఎగ్జిబిట్ చేయబోతే మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది. హేగ్‌లో అలాంటి సర్టిఫికెట్ నియమం లేదు. సంబంధం ఉందా, రుజువు చేసే బలం ఎంత, నిందితుడికి అన్యాయం జరుగుతుందా అని మాత్రమే తూస్తారు. కాబట్టి సర్టిఫికెట్ లేదని వెనకాడవద్దు. సర్టిఫికెట్ లేకపోయినా ఫరవాలేదంటున్నారని రిజిస్టర్ మానేయవద్దు కూడా. తూచేటప్పుడు బలం ఇచ్చేది అదే.

వీడియో ఒక్కటే వారంటు దాకా తీసుకుపోగలదా అంటే, పోయింది. హేగ్ క్రిమినల్ కోర్టు లిబియా కేసులో సైనిక కమాండర్ అల్-వెర్ఫాలీపై 2017 ఆగస్టు వారంటుకు ప్రధాన ఆధారం సోషల్ మీడియాలో పెట్టిన విచారణ లేకుండా మనుషులను కాల్చి చంపుతున్న వీడియోలు. ఏడు ఘటనలు, 33 మంది. కానీ గుర్తుపెట్టుకోండి, వారంటుకు చాలిన రుజువు శిక్షకు చాలదు. దర్యాప్తు తెరవడానికి సహేతుకమైన ప్రాతిపదిక, వారంటుకు సహేతుకమైన కారణాలు, అభియోగాల ఖరారుకు గట్టి కారణాలు, శిక్షకు సందేహానికి తావులేని రుజువు. మెట్టు మెట్టుకూ బరువు పెరుగుతుంది. అల్-వెర్ఫాలీ 2021లో బెంఘాజీలో హత్యకు గురయ్యాడు, కేసు విచారణ దాకా రాలేదు.

కోదాడ దుబాసి

వాంగ్మూలం ఎందుకు రాయొద్దో నేను చెప్తాను. ఈ పొరపాటు మంచి మనసున్నవాళ్లే చేస్తారు.

సాక్షి ఒక సంగతి ఐదుగురికి ఐదుసార్లు చెప్తే ఐదు రకాలుగా ఉంటుంది. అబద్ధం అయి కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది. ఒకరు సైనికులు 20 మంది అని రాస్తారు, ఇంకొకరు 50 అని. కోర్టులో ఆ ఐదు కాగితాలూ డిఫెన్స్ (నిందితుడి వకీళ్ల) చేతికి పోతాయి. నిందితుడికి మేలు చేసే ఆధారం ప్రాసిక్యూటర్ దగ్గర ఉంటే ఇచ్చి తీరాలి, రోమ్ శాసనం 67(2) అదే. సాక్షిని రెండు రోజులు నిలబెట్టి మీ కాగితంతోనే కొడతారు. అందుకే హేగ్ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ కార్యాలయం, యూరోజస్ట్ (యూరోపియన్ యూనియన్ న్యాయ సహకార సంస్థ) కలిసి 2022లో పౌర సంస్థల కోసం తెచ్చిన మార్గదర్శకాల్లో వివరమైన వాంగ్మూలాలు తీసుకోవద్దనే వైపే మొగ్గు. మొదటి మాట, అంటే ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, మీరు చూశారా విన్నారా, ఇంకెవరికైనా ముందే చెప్పారా. అంతవరకు రాసి, మనిషిని మళ్లీ ఎట్లా కలవాలో రాసి ఆపేయాలి. చివరి ప్రశ్న మరిచిపోవద్దు. ముందే పాత్రికేయులకో సంస్థకో చెప్పి ఉంటే ఆ సంగతి ఫైల్లో ఉండాలి.

అడిగే తీరు: "సైనికులు ఇండ్లు కాల్చారా" అనొద్దు. "ఆ రోజు ఏం జరిగింది" అనండి, ఆగండి. జనరల్ ఫొటో చూపించి "ఇతనేనా" అని అడగనే అడగొద్దు. ఒక్కసారి ఆ ఫొటో మీ చేత చూస్తే తర్వాత చేసే గుర్తింపుకు బలం పోతుంది. గుంపులో కూర్చోబెట్టి మాట్లాడించొద్దు, ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకంలోకి పోతుంది. దుబాసిగా కుటుంబంలోవారిని పెట్టొద్దు. మామ ముందు కోడలు ఏం చెప్తుంది? రోహింగ్యా భాష చిట్టగాంగ్ మాటకు దగ్గర. హైదరాబాద్ ఉర్దూ ఇక్కడికొచ్చి నేర్చుకున్నది. రోజువారీ పనికి సరిపోతుంది, చావు గురించి చెప్పడానికి చాలదు.

లైంగిక హింస, పిల్లలు, ఈ రెండిట్లోకి అసలు పోవద్దు. ఎవరైనా తామే చెప్పడం మొదలుపెడితే వినండి, వివరాలు తవ్వకండి, వైద్యానికి, కౌన్సెలింగ్‌కు దారి చూపండి. చిత్తు నోట్సు మాత్రం చింపేయొద్దు. సాఫుగా తిరగరాసినా అసలు చిత్తు ఉండాలి. వ్యతిరేకంగా చెప్పినవాళ్ల మాటలూ ఉంచాలి. రేపు మిమ్మల్నే సాక్షిగా పిలవొచ్చు.

పానగల్ ప్లీడర్

దుబాసి గారు చెప్పినదానికి కోర్టు రుజువు ఉంది. హేగ్ క్రిమినల్ కోర్టు ఇచ్చిన మొట్టమొదటి తీర్పు మిలీషియా నాయకుడు లుబాంగా కేసు, 2012 మార్చి, కాంగోలో బాలసైనికులు. ప్రాసిక్యూషన్ స్థానిక మధ్యవర్తుల మీద ఆధారపడి సాక్షులను తెచ్చింది. మధ్యవర్తులు సాక్షులకు ఏం చెప్పాలో నేర్పారన్న ఆరోపణ వచ్చింది. మాజీ బాలసైనికులమని చెప్పినవాళ్ల సాక్ష్యాన్ని జడ్జీలు దాదాపుగా పక్కన పెట్టేశారు, దర్యాప్తు బాధ్యతను మధ్యవర్తులకు అప్పగించడం తప్పని రాశారు. అయినా శిక్ష పడింది, 14 ఏళ్లు. నిలబెట్టిన ఆధారాల్లో శిబిరంలో తీసిన వీడియోలు ముఖ్యమైనవి. 15 ఏళ్లలోపు అని కంటితో చూసి చెప్పగలిగినంత చిన్న పిల్లలు వాటిలో కనిపించారు. మీ బృందం ఉన్న స్థానం సరిగ్గా ఆ మధ్యవర్తుల స్థానమే. అందుకని చేతులు ముడుచుకొమ్మనడం లేదు, చేయి ఎక్కడ ఆపాలో తెలుసుకొమ్మంటున్నాను.

దేవరకొండ ఖిలా

ఇంత కష్టపడి ఏం లాభం సార్? పుతిన్ మీద 2023 మార్చిల వారంటు ఇచ్చిండ్రు. 2024 సెప్టెంబర్ల మంగోలియా పోయిండు, అది సభ్యదేశమే, ఎర్ర తివాచీ పరిచిండ్రు. అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద గూడ వారంటుండె, 2015ల దక్షిణాఫ్రికా పోయి దర్జాగ తిరిగొచ్చిండు. నెతన్యాహు మీద వారంటుంది, ఏమైంది? ఆ కోర్టుకు ఒక కానిస్టేబుల్ కూడ లేడు.

పిల్లలమర్రి

కానిస్టేబుల్ లేడన్నది నిజమే, అదే దాని అసలు బలహీనత. పైగా నిందితుడు లేకుండా అక్కడ విచారణ జరగదు. లేనప్పుడు జరపగలిగేది అభియోగాల ఖరారు వరకే, ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీ విషయంలో 2025 సెప్టెంబరులో అలాగే జరిపారు. కానీ లెక్క రెండో వైపూ చూడండి. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తే 2025 మార్చి 11న మనీలాలో అరెస్టయ్యాడు, దేశం కోర్టులోంచి బయటికి పోయి దాదాపు ఆరేళ్లు అయినా. బోస్నియా సెర్బు జనరల్ మ్లాదిచ్‌పై అభియోగం 1995లో, దొరికింది 2011లో, యావజ్జీవం 2017లో. అతన్ని విచారించిన యుగోస్లావియా ట్రిబ్యునల్ అభియోగం మోపిన 161 మందిలో చివరికి ఒక్కడూ పరారీలో మిగల్లేదు. ఈ నేరాలకు కాలదోషం లేదు, రోమ్ శాసనం 29. రాజకీయం మారే రోజు ఎవరి చేతిలోనూ లేదు. ఆ రోజు ఆధారం చెడకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది.

హేగ్ ఒక్కటే అనుకోవద్దని మళ్లీ చెప్తున్నాను. సిరియా సభ్యదేశం కాదు, హేగ్‌కు అప్పగించబోతే భద్రతా మండలిలో వీటో పడింది. అయినా సిరియా నిఘా అధికారి అన్వర్ రస్లాన్‌కు జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు 2022 జనవరి 13న యావజ్జీవం వేసింది. అక్కడికి శరణార్థులుగా వచ్చినవాళ్లే సాక్షులు.

పానగల్ ప్లీడర్

ఖిలా అన్నా, నన్నడిగితే అరెస్టు కంటే ముందు చెడిపోయేది వేరే ఉంది. అప్పటి కెన్యా అధ్యక్షుడు కెన్యాట్టా కేసు 2014 డిసెంబరులో ఉపసంహరించుకున్నారు, ఉపాధ్యక్షుడు రూటో కేసు 2016 ఏప్రిల్‌లో ఆపేశారు. ఇద్దరూ కోర్టుకు వచ్చారు, అరెస్టు సమస్యే లేదు. సాక్షులు వెనక్కి తగ్గారు, మాట మార్చారు. వాళ్ల ఊళ్లో, వాళ్ల చుట్టాల ద్వారా ఒత్తిడి వచ్చింది. కాంగో నాయకుడు బెంబా కేసులో 2016లో 18 ఏళ్లు పడింది, 2018లో అప్పీలులో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు ఉండి కొట్టేశారు. అక్కడ హత్యలు, అత్యాచారాలు జరగలేదని ఎవరూ అనలేదు. దూరంగా వేరే దేశంలో ఉన్న కమాండర్ తన చేతనైన చర్యలన్నీ తీసుకున్నాడా లేదా అన్న దగ్గర మెజారిటీకి రుజువు చాలలేదు.

ఇది మీ పనికి నేరుగా తగులుతుంది. ఊరు కాలిందని చెప్పే ఆధారం ఇప్పటికే గుట్టలు ఉంది. ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం కనీసం 392 ఊర్లు పూర్తిగానో కొంతో ధ్వంసమయ్యాయని ఉపగ్రహ చిత్రాలతో లెక్క తేల్చింది. కరువున్నది పైవాడిని ముడిపెట్టే ఆధారానికి. భుజం మీద బ్యాడ్జి రంగు, లారీ నంబరు, వైర్‌లెస్‌లో వినిపించిన పేరు, హెలికాప్టర్ దిగిన రోజు, ముందురోజు ఊరి పెద్దను క్యాంపుకు పిలిపించి ఏమన్నారు, కాల్పుల తర్వాత బుల్డోజర్ ఎవరు తెచ్చారు. 33వ, 99వ లైట్ ఇన్‌ఫాంట్రీ డివిజన్ల పేర్లు బహిరంగంగానే ఉన్నాయి. సైన్యం వేరు, సరిహద్దు గార్డు పోలీసు వేరు, ఇద్దరి యూనిఫాం వేరు. వీడియోలో మంటలు కనిపించే 2 నిమిషాల కంటే, చివర 3 సెకన్లలో మూలకు కనిపించే లారీ విలువైనది కావచ్చు. అందుకే కత్తిరించవద్దని మూసీ గారు అన్నది.

రోహింగ్యాల సొంత ప్రాంతం రఖైన్ రాష్ట్రంలోని ఇన్ దిన్ ఊరి సంగతి కూడా తెలియాలి. 2017 సెప్టెంబరులో 10 మంది రోహింగ్యాలను చంపారు. మయన్మార్ ఏడుగురు సైనికులకు పదేళ్లు వేసి, ఏడాది కూడా కాకముందే వదిలేసింది. ఆ హత్యలు బయటపెట్టిన ఇద్దరు విలేకరులు వాళ్లకంటే ఎక్కువ కాలం జైల్లో ఉన్నారు. సొంత దేశం నిజంగా విచారిస్తుంటే హేగ్ తలదూర్చదు. ఆ విచారణ నాటకమని చూపడానికి ఇలాంటి వివరాలే కావాలి.

నారాయణపేట నేత

మధ్యల అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. మా దిక్కునుంచి, హైదరాబాద్ నుంచి పోరగాండ్లను సెక్యూరిటీ, హెల్పర్ ఉద్యోగమని చెప్పి రష్యా పంపి సైన్యంల కలిపిండ్రు కదా. అది యుద్ధ నేరం కాదా? గీ కోర్టుకు పోవచ్చా?

పిల్లలమర్రి

మోసపోయి చేరడం ఒక్కటే ఆ కోర్టు పరిధిలోని యుద్ధ నేరం కాదు. యుద్ధ ఖైదీనో, శత్రుదేశ పౌరుడినో బలవంతంగా తమ సైన్యంలో కలుపుకోవడం నేరం. మన పిల్లలు రష్యాకు శత్రుదేశపువాళ్లు కారు. అది మనుషుల అక్రమ రవాణా. 2024 మార్చిలో సీబీఐ కేసు కట్టింది, దారి అదే. ఏజెంటుకు కట్టిన డబ్బుల రసీదులు, వీసా రకం, రష్యన్‌లో సంతకం పెట్టిన ఒప్పందం ఫొటో, ఏజెంటు వాయిస్ మెసేజ్‌లు ఫోనులోంచి తీసేయకుండా ఉంచమనండి. ఆధారం కాపాడే పద్ధతి పైన మూసీ గారు చెప్పిందే.

దేవరకొండ ఖిలా

ఇంతకు రజాకార్ల కాలంల గుండ్రాంపల్లి, బైరాన్‌పల్లి? పోలీసు యాక్షన్ తర్వాత జరిగినయి? ఎక్కడి బర్మాకో కోర్టుంది, మనకు లేదాయె.

పానగల్ ప్లీడర్

లేదు, ఉండే వీలూ లేదు. రోమ్ శాసనం 2002 జూలై 1 ముందు జరిగినవాటికి వర్తించదు. జెనోసైడ్ ఒప్పందం ఆమోదం పొందింది 1948 డిసెంబరులో, యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలు 1949లో. మన జెనీవా ఒప్పందాల చట్టం 1960ది. వెనక్కి వర్తింపజేద్దామన్నా రాజ్యాంగం 20(1) అడ్డం.

ఆ 1960 చట్టం గురించి ఒక మాట, చాలామంది వకీళ్లకే గుర్తుండదు. జెనీవా ఒప్పందాల తీవ్ర ఉల్లంఘన దేశం లోపల చేసినా బయట చేసినా ఇక్కడ శిక్షించవచ్చు. కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, మిగతావాటికి 14 ఏళ్ల వరకు. వినడానికి గొప్పగా ఉంది. కానీ సెక్షన్ 17 ప్రకారం ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు చేపట్టాలి. బాధితుడు ప్రైవేటు ఫిర్యాదు వేయలేడు. పైగా తీవ్ర ఉల్లంఘన అనేది రెండు దేశాల మధ్య యుద్ధానికి సంబంధించిన మాట, రఖైన్‌లో జరిగిన తరహా అంతర్గత హింసకు అతకదు. జెనోసైడ్ ఒప్పందాన్ని 1959లో ధ్రువీకరించి కూడా దానికి ప్రత్యేక శిక్షా చట్టం చేయలేదు. ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ తీర్పులో ఈ లొసుగును గుర్తు చేసింది. భారతీయ న్యాయ సంహిత వచ్చినా అది పూడలేదు. కాబట్టి బాలాపూర్ కుటుంబాలకు నాంపల్లి కోర్టులో దారి లేదు.

కల్వకుర్తి చౌరస్తా

సార్, మేడం, అన్నా, చాలా స్పష్టమైంది. ఇంక రెండు. ఆ పైసల ఫారం సంగతి, రెండోది ఇవన్ని ఇచ్చినందుకు వాళ్లకు ఇక్కడ ఏమన్న ఇబ్బంది అయితదా?

కోదాడ దుబాసి

ఇబ్బంది అవ్వొచ్చు, అది దాచకుండా వాళ్లకు చెప్పాలి. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంలో లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉన్నా నిర్బంధం, వెనక్కి పంపే భయం ఉన్నదే. అక్కడ రఖైన్‌లోనో బంగ్లాదేశ్ కాక్స్ బజార్‌లోనో ఉన్న బంధువులకు ఇంకో రకం ప్రమాదం. కాబట్టి బస్తీ చిరునామా, ఫోన్ నంబరు, చెప్పిన సంగతి ఒకే ఫైల్లో ఎప్పుడూ పెట్టొద్దు. పేరుకు కోడ్ ఇచ్చి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక వేరే చోట వేరే మనిషి దగ్గర ఉంచండి. సమ్మతి ఒకసారి వేలిముద్ర వేయించుకుంటే అయిపోయేది కాదు. జెనీవాకు ఇవ్వొచ్చా, హేగ్‌కు ఇవ్వొచ్చా, పత్రికలకు ఇవ్వొచ్చా అని విడివిడిగా అడగాలి. వద్దన్నదాన్ని కూడా రాయాలి. తర్వాత మనసు మార్చుకోవచ్చని చెప్పాలి. కేసు గెలుస్తామనీ, వేరే దేశానికి పంపిస్తారనీ, పౌరసత్వం వస్తుందనీ ఆశ పెట్టొద్దు. ఆశ పెట్టి తీసుకున్న మాటను కోర్టులో కొనుక్కున్న మాట అంటారు.

జెనీవా యంత్రాంగానికి మొదటి ఉత్తరంలో వీడియో పెట్టొద్దు, పేర్లు పెట్టొద్దు. మా దగ్గర ఫలానా టౌన్‌షిప్‌కు, ఫలానా నెలకు సంబంధించిన ఇన్ని ఫైళ్లు, ఇంతమంది మాట్లాడటానికి సిద్ధం అని మాత్రం రాయండి. ఎట్లా పంపాలో వాళ్లే భద్రమైన దారి చెప్తారు. హేగ్ ప్రాసిక్యూటర్ కార్యాలయానికి 2023 నుంచి ఆన్‌లైన్‌లో ఆధారాలు పంపే పోర్టల్ ఉంది. రెండు చోట్లకూ పంపితే, పంపినట్టు రెండు చోట్లా చెప్పండి.

పానగల్ ప్లీడర్

పైసల ఫారం: ఏ ఫారానికీ రూపాయి కట్టేది లేదు. బాధితులుగా పాల్గొనే ఫారాలు ఉచితం. నష్టపరిహారం అనేది దోషిగా తేలిన తర్వాత వచ్చే దశ. మాలి దేశంలో టింబక్టు సమాధులు కూల్చిన అల్ మహ్దీ కేసులో శిక్ష 2016లో, 27 లక్షల యూరోల పరిహారం ఆదేశం 2017లో. క్రిమినల్ కోర్టులో రోహింగ్యాల కేసు ఇంకా విచారణే మొదలు కాలేదు, ఎవడు ఏ పరిహారం ఇప్పిస్తాడు? అతని దగ్గర ఎవరైనా అసలు కాగితాలు ఇచ్చి ఉంటే ముందు అవి వెనక్కి తెప్పించండి, డబ్బు సంగతి తర్వాత. మహిళల పేరు మీద అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును అడగవచ్చు, పోలీస్ స్టేషన్‌కు ఒంటరిగా పోవాల్సిన పని తప్పుతుంది.

కల్వకుర్తి చౌరస్తా

ఆఖరుది అన్నా. ఒకామె దగ్గర చనిపోయిన కొడుకు ఫోను ఉంది, స్క్రీన్ పలిగింది, వెనుక మూత ఉబ్బింది. ఆయనే తీసిన వీడియోలు అండ్ల ఉన్నయంటది. బస్టాండు దగ్గర రిపేరు షాపుల ఇద్దామా?

మూసీ ఫోరెన్సిక్

ఇయ్యకు. షాపుల ముందుగాల చేసేది రీసెట్, పాస్‌వర్డ్ తెల్వదంటే ఇంకా జల్ది చేస్తడు. ఇంక ఏం మిగలదు. మూత ఉబ్బిందంటే బ్యాటరీ పోయింది, చార్జింగ్ పెట్టకు, ఒత్తకు, ఎండల పెట్టకు, అంటుకుంటది. ఆన్ చెయ్యనీకి ప్రయత్నమే చెయ్యొద్దు. ముందు వెనుక ఫొటోలు తియ్యి. ఐఎంఈఐ పెట్టె మీదనో సిమ్ ట్రే మీదనో ఉంటే రాసుకో. సిమ్, మెమరీ కార్డు ఉంటే అండ్లనే ఉండనియ్యి. ప్లాస్టిక్ సంచిల కాదు, మందపాటి కాగితం కవర్ల పెట్టి, మూత అంటించి, అంటించిన గీత మీద ఆమె వేలిముద్ర, నీ సంతకం, తేదీ. కాలే సామాను ఏం లేని చోట, రేకు డబ్బల పెట్టు. పాస్‌వర్డ్ ప్యాటర్న్ ఆమెకు యాదుంటే బొమ్మ గీసి వేరే కవర్ల పెట్టు. జెనీవోళ్లకు రాసే మొదటి ఉత్తరంల ఈ ఫోను సంగతి వేరుగా ఒక లైను రాయి, తీసినోడు చనిపోయిండు, తల్లి దగ్గర ఉంది, తెరవలేదు అని. ఇసొంటి ఫోనుల చిప్పు నుంచే డేటా తీసే ల్యాబులు ఉన్నయి, ఎట్ల చెయ్యాలో వాళ్లే చెప్తరు. ఉబ్బిన బ్యాటరీతోటి కొరియర్ల మాత్రం పంపకు, విమానంల ఎక్కనియ్యరు.

కల్వకుర్తి చౌరస్తా

సరే అన్నా. ఆదివారం బౌండు రిజిస్టర్, కాగితం కవర్లు పట్టుకోని పోతున్నం. ఆ ఫారం ఆయన దగ్గర ఇద్దరి కుటుంబ పట్టికలు ఉన్నయట, ముందు అవి తెస్తం.